నెగెటివ్ మార్కుల కానుగ చెట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో దిల్ ఉంది, నగర్ ఉంది. మధ్యలో ఉండాల్సిన సుఖ్ మాత్రం రోడ్డు దాటలేక మెట్రో మెట్ల దగ్గర ఎప్పటినుంచో నిలబడి ఉంది. మెయిన్ రోడ్డు దిగి కోచింగ్ సెంటర్ల సందులోకి తిరగ్గానే ఒక కానుగ చెట్టు. మే నెల సోమవారం పొద్దున ఆ చెట్టు కింద ఉదయలక్ష్మి తలెత్తి ఆకులు చూస్తోంది. ఎదురుగా మూడంతస్తుల మేడకు కట్టిన ఫ్లెక్సీ నిండా పిల్లల మొహాలు. వాటి కింద ‘దుమ్ము రేపిన మా ర్యాంకర్లు’ అని మూరెడేసి పొడవు అక్షరాలు. ఒక సిటీ బస్సు మలుపులో బ్రేకు కొట్టి, ఆ మాటను అక్షరాలా నిజం చేసి వెళ్లింది.

ఉదయలక్ష్మి తుమ్మి, సంచిలోంచి టేపు తీసింది. మానుకు తన ఛాతీ ఎత్తున చుట్టి, రెండు కొసలూ కలిసిన చోట గోరుతో నొక్కి పట్టుకుంది.

“ఏంది మేడం, చెట్టుకు జాకెట్ కుడుతున్నవా?”

అడిగింది కిష్టమ్మ. నల్గొండ జిల్లా నుంచి వచ్చే తాటిగెలలను ఆ చెట్టు మొదట్లో పోసుకుని ముంజలు అమ్ముతుంది. కత్తితో కాయను మూడు దెబ్బల్లో తెరిచి, బొటనవేలు లోపలికి పోనిచ్చి, ముంజె చిట్లకుండా పైకి తెస్తుంది. మాట్లాడుతున్నా చెయ్యి ఆగదు. చెయ్యి ఆడుతున్నా నోరు ఆగదు.

“జాకెట్ కాదండీ, పరీక్ష,” అంది ఉదయలక్ష్మి.

“చెట్టుకా?”

“చెట్టుకే. ఈ సందులో పరీక్ష రాయనిది ఇదొక్కటే మిగిలింది కదా!”

ఉదయలక్ష్మి ఉద్యోగం, ఏ చెట్టు ఆకు గాల్లోని దుమ్మును ఎంత పట్టి ఉంచుతుందో తేల్చడం. పరిశోధన పత్రాల కోసం పత్రాలు కోసే ఉద్యోగం. గాలి మీద పరిశోధన అని చెబితే బంధువుల్లో సగం మంది అది గాలి పరిశోధన అనే అర్థం చేసుకున్నారు. ఈసారి మాత్రం పని గాలిలో తేలేది కాదు. ఇక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా, వానలు పడేలోగా వరద నీటి పైపులు వేయాలి. పైపుల దారికి అడ్డొచ్చే చెట్లలో ఏది ఉండాలో ఏది పోవాలో ఆమె నివేదిక చూసి తేలుస్తారు.

ఆ సంగతి ఆమె కిష్టమ్మకు నాలుగు ముక్కల్లో చెప్పింది. “ఆకుల మీద దుమ్ము ఎంతుందో తూకం వేస్తాం. దాన్ని బట్టి మార్కులు. తక్కువ మార్కులొచ్చిన చెట్టు…” అని అరచేతిని రంపంలా ఆడించింది.

కిష్టమ్మ చేతిలో కత్తి ఆగింది. ఆగడం అదే మొదటిసారి.

అప్పటికే ఆ మాటలు వింటూ మేడ మెట్ల మీద నుంచి మహిపాల్ దిగాడు. కోచింగ్ సెంటర్‌కూ దాని పైనున్న హాస్టల్‌కూ మేనేజరు. చెట్టుకు ఫ్లెక్సీ వైపున ఒక పెద్ద కొమ్మ నరికిన మోడు ఉంది. ఉదయలక్ష్మి దాన్ని చూపించి, “ఇదెవరు కొట్టారు?” అంది.

“నేనే కొట్టిచ్చిన మేడం. ర్యాంకర్ మొకం కానొస్తలేదని పేరెంట్స్ ఒకటే లొల్లి.”

“ఏ ర్యాంకర్?”

“మూడో ర్యాంకోడు. ఫస్టోడు పైన ఉంటడు గద, వానికి ప్రాబ్లం లేదు.” అతను చెట్టుకు కట్టిన అల్యూమినియం బిళ్లను తిప్పి చూశాడు. దాని మీద అంకె కొట్టి ఉంది. “హాల్ టికెట్ నంబరా?”

“అనుకోండి.”

“నెగెటివ్ మార్కులు సుత ఉంటయా?”

“మీ సందులో పరీక్ష పెట్టి, నెగెటివ్ మార్కులు లేకపోతే మీరు ఊరుకుంటారా?” అని ఆమె నవ్వింది. అంతలో ఫోన్ మోగింది. ల్యాబు నుంచి. “గురువారం వచ్చి ఆకులు కోసుకుంటాను,” అని చెప్పి స్కూటీ ఎక్కింది.

మంగళవారం, బుధవారం ఎల్బీనగర్ వైపు చెట్లతో సరిపోయాయి. గురువారం పొద్దున్నే మళ్లీ కానుగ దగ్గరికి వచ్చింది. గ్లౌజులు వేసుకుని, దోటితో కొమ్మ వంచి, రోడ్డు వైపు ఆకులు ఒక కవర్లో, సందు వైపు ఆకులు ఇంకో కవర్లో వేసింది. ఆకును ముచ్చిక దగ్గర పట్టుకుని కత్తిరించాలి. ఆకు ముఖం మీద వేలు పడితే దుమ్ము వేలికి అంటి, తూకం తప్పుతుంది. ఎప్పుడూ అలాగే చేస్తుంది. కానీ ఇక్కడ వేలికి అంటడానికేమీ లేదు. నెల రోజులుగా చినుకు లేదు. పక్కనుంచి బస్సులు. ఆకులు మాత్రం పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు మెరుస్తున్నాయి.

“పైనున్నయి ఇంకా మంచిగున్నయి బిడ్డా, అవి తీస్కో,” అంది కిష్టమ్మ, పరీక్ష హాలు బయట నిలబడ్డ తల్లిలా. ఆకులో నాలుగు ముంజలు పెట్టి చేతికిచ్చింది. పైసలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసింది.

మెట్ల మీద నుంచి మహిపాల్, “రిజల్ట్ ఎప్పుడు మేడం?” అన్నాడు.

ఉదయలక్ష్మి చెట్టు కిందున్న పూలకుండీని చూస్తోంది. అందులో ఒక క్రోటన్ మొక్క. అసలు రంగేమిటో చెప్పలేనంతగా బూడిద పట్టి ఉంది. తల మీద గొడుగులా ఉన్న చెట్టేమో తళతళ. గొడుగు తడవకుండా మనిషి తడిసినట్టుంది వ్యవహారం.

ల్యాబులో ఆకులను బీకరులోకి తీసుకుని, మెత్తటి బ్రష్‌తో రెండు ముఖాలూ కడిగింది. ఆ నీటిని ఫిల్టర్ కాగితం మీద వడగట్టి, కాగితాన్ని ఆరబెట్టి, త్రాసు మీద పెట్టి, తన ఊపిరి తగలకుండా వెనక్కి జరిగింది. ఎల్బీనగర్‌లో రింగురోడ్డు పక్కనున్న వేపచెట్టు కాగితం బొంత ముక్కలా మందంగా, బూడిదరంగులో ఉంది. మొదటి ర్యాంకు దానిదే. కానుగ కాగితం, పేరు కూడా రాయకుండా ఇచ్చేసిన జవాబు పత్రంలా ఉంది. మిగిలిన ఆకులతో ఇంకోసారి చేసింది. అదే తెలుపు.

ప్రాజెక్టు పెద్ద ప్రసన్నకుమార్ వచ్చి భుజం మీదుగా చూశాడు. “కానుగ ఆకు నున్నగా ఉంటుంది కదమ్మా. దుమ్ము నిలవదు. రాసెయ్.”

“ఎంత నున్ననైనా ఇంత శుభ్రంగా ఉండదు సార్. దాని కింద కుండీలో క్రోటన్ బూడిదలా ఉంది.”

“క్రోటన్ మన శాంపిల్ కాదు.”

“ఇంకోసారి కోసుకొస్తాను సార్, రెండు రోజులాగి.”

“రెండు రోజులాగి అక్కడ చెట్టెక్కడుంటుంది? శనివారం తవ్వుతున్నారు. సాయంత్రానికి నివేదిక అడిగారు.”

సాయంత్రానికి నివేదిక వెళ్లింది. కానుగ ఎదురుగా ‘తొలగించవచ్చు’ అని ఉంది. కింద ఆమె సంతకం కూడా ఉంది.

కొత్తపేటలో ఇంటికి వచ్చాక కూడా ఆ ఆకుల మెరుపు ఆమె కళ్లలోంచి పోలేదు. అన్నం ముందు కూర్చుని పప్పు కలుపుతూ, “నాన్నా, వాన లేకుండా చెట్టు శుభ్రంగా ఉండాలంటే ఎలా?” అంది.

శ్రీరామమూర్తి తెనాలి మనిషి. ఈ ఊరొచ్చి ముప్పయ్యేళ్లయినా, ఆవకాయకీ మాటకీ ఘాటు తగ్గనివ్వలేదు. “మన కారెందుకు శుభ్రంగా ఉంటోందే? దాని సౌశీల్యం వల్లా? రోజూ తెల్లారగట్ట నేను తుడుస్తున్నాను కనక.”

“చెట్టునెవరు తుడుస్తారు నాన్నా?”

“ఎవడికి లాభమో వాడు.”

కలిపిన ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఎవరికి లాభం? దుమ్ము లేకపోతే చెట్టు పోతుంది. చెట్టు పోతే ఫ్లెక్సీ కనిపిస్తుంది. మూడో ర్యాంకువాడి మొహమే కాదు, ముప్పయ్యో ర్యాంకువాడి బొత్తాలు కూడా కనిపిస్తాయి. ఫ్లెక్సీ వైపున్న ఆ మోడు గుర్తొచ్చింది.

శుక్రవారం ఇంకా పూర్తిగా తెల్లవారక ముందే ఆమె సందు మొదట్లో స్కూటీ ఆపింది. నీళ్ల చప్పుడు వినిపించింది. చెట్టు కింద మహిపాల్, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బైకులు కడిగే పంపు పట్టుకుని కొమ్మల్లోకి కొడుతున్నాడు. ఆమె అనుకున్నదంతా నిజమైంది. కానీ అనుకోనిది కూడా ఒకటి కనిపించింది. ప్లాస్టిక్ స్టూలు ఎక్కి, పాత చీరముక్కతో, అందినంత మేర ఒక్కొక్క ఆకునూ తమలపాకు తుడిచినట్టు తుడుస్తోంది కిష్టమ్మ.

“మహిపాల్‌గారూ! సిగ్గు లేదూ?”

పంపు ఆగింది. అతను తుళ్లిపడి తిరిగి చూశాడు. “మేడం! సర్‌ప్రైజ్ టెస్టా?”

“కొమ్మ కొట్టించింది చాల్లేదా? చెట్టు మొత్తం తీసేయించడానికి ఇంత తెలివా?”

“తీసేయించుడా?” మహిపాల్ మొహంలో నీళ్లూ ఆశ్చర్యమూ కలిసి కారాయి. “గిదేంది మేడం గట్లంటరు? సోమారం సంది హాస్టల్ పోరగాండ్లకు అరబకెట్టే ఇస్తున్న. ట్యాంకర్ నీళ్లు గివి! ర్యాంకర్లకు లేకున్నా చెట్టుకు పోస్తున్నం.”

“ఎందుకూ?”

“ఎందుకేంది? పాస్ గావాలె గద!”

ఉదయలక్ష్మికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

“దుమ్ముంటే నెగెటివ్ మార్కులంటిరి గద మీరు,” అన్నాడు మహిపాల్. “నిన్న ప్రిలిమ్స్ అయింది. మెయిన్స్ ఎప్పుడు పెడ్తరో తెల్వది, అందుకే ప్రాక్టీస్ ఇడిశిపెడ్తలేం.”

“మీకెందుకు ఈ చెట్టు? మీ ఫ్లెక్సీకి అడ్డం కదా?”

“కొమ్మ అడ్డం మేడం, చెట్టు గాదు. అడ్మిషన్ల సీజన్ ఇది. నీడకు కూసున్న పేరెంట్ నెమ్మదిగ ఫీజు ఇని, ఆలోచన జేసి, పైకొస్తడు. ఎండల నిలవడ్డోడు ఫీజు ఇనంగనే పక్క సెంటర్ ఏసీలకు ఉర్కుతడు. ఈ చెట్టు మా రిసెప్షన్.”

కిష్టమ్మ స్టూలు దిగింది. “నాకైతే ఇదే దుకాణం, ఇదే ఇల్లు బిడ్డా. ముంజలు ఎండల పెడితే గంటల రబ్బరైతయి. అందుకే నేను సుత తుడుస్తున్న. పై ఆకులు ఈయన, కింది ఆకులు నేను.”

ఉదయలక్ష్మి స్కూటీకి ఆనుకుంది. సోమవారం తను అన్న మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంది. దుమ్ము తూకం వేస్తామంది. దాన్ని బట్టి మార్కులంది. ఎక్కువైతే మంచిదో, తక్కువైతే మంచిదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని తోచలేదు. అడగాల్సిన అవసరం ఉందని వాళ్లకూ తోచలేదు. మురికి మంచిదని ఏ ఇంట్లో ఎవరనుకుంటారు? పైగా మహిపాల్ అడిగినప్పుడు నవ్వింది కూడా.

“దుమ్ముంటేనే మార్కులు,” అంది మెల్లగా. “రోడ్డు మీది దుమ్ము మీ గొంతుల్లోకి పోకుండా కొంత ఆకు పట్టి ఉంచుతుంది. ఆకు ఎంత మురికైతే చెట్టు అంత పని చేసినట్టు.”

కొమ్మల్లోంచి దుమ్ము కలిసిన నీళ్లు కింది క్రోటన్ మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. కిష్టమ్మ చేతిలోని గుడ్డను విప్పి చూసుకుంది. నల్లగా ఉంది.

“అంటే,” అంది, “ఇది రాసిన పరీక్ష మొత్తం నేను తుడిచేసిన్నా?”

మహిపాల్ పంపును నెమ్మదిగా కింద పెట్టాడు. “రీవాల్యుయేషన్ ఉంటదా మేడం? ఫీజు కడ్త.”

“నివేదిక నిన్ననే వెళ్లిపోయింది. రేపు రంపం వస్తుంది.”

ఆ రోజంతా ఆమె ప్రసన్నకుమార్ వెంట పడింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, సాయంత్రానికి దిగొచ్చాడు. “సరే. ఆ ఒక్క చెట్టు నమూనా పాడైందని చెప్పు. ఒక్క చెట్టే. మిగతా వాటి జోలికి పోకు. వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, గుర్తుందిగా?”

శనివారం ఆమె వెళ్లేసరికి కానుగ పెద్ద కొమ్మకు తాడు కట్టేసి ఉంది. రంపం మిషన్‌లో పెట్రోలు పోస్తున్నారు. కిష్టమ్మ గెలలన్నీ మేడ మెట్ల కిందికి చేరాయి. ఆమె వాటి పక్కన కత్తి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. పని చూస్తున్న ఇంజనీరు వినయ్, హెల్మెట్‌ను చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఉదయలక్ష్మి చెప్పిందంతా విని, నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“చెట్టుకు తలంటు పోసిన్రా? మంచిది మేడం, నాకేం పగ లేదు చెట్టు మీద. ఆ ఒక్కటి పక్కకు పెడ్త.” తాడు పట్టుకున్న మనిషికి చెయ్యెత్తి ఆగమన్నాడు. మళ్లీ ఏదో తోచినట్టు ఆమె వైపు తిరిగాడు. “ఒక్క మాట. ఇది కడిగిన్రని మీకు నిన్న తెలిసింది. మరి మిగిలిన చెట్లు ఎవరూ కడగలేదని గ్యారంటీ ఏంది?”

అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. సరిగ్గా ఆమె అడగాల్సిన ప్రశ్న.

‘ఉంది’ అంటే అయిపోతుంది. కానుగ బతుకుతుంది, నివేదిక బతుకుతుంది, వచ్చే నెల తనూ బతుకుతుంది. ఆమెకు ఎల్బీనగర్ దాకా ఉన్న చెట్లన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. ఏ ఒక్కదాని కిందా పది నిమిషాలకు మించి నిలబడలేదు. ఆకులు చూసింది, మాను కొలిచింది. కింద ఎవరుంటారో, ఏం చేస్తారో చూడలేదు. ఒక చెట్టును అమ్మలా తుడిచారు. ఇంకో చెట్టు మీద ఎవరేం పోశారో!

“తెలియదు,” అంది. “గ్యారంటీ లేదు. నివేదిక మొత్తం వెనక్కి తీసుకుంటున్నాం. మళ్లీ చేస్తాను.”

“మొత్తమా?” వినయ్ నవ్వు పోయింది. “వానలొస్తున్నయి మేడం! పైపులు నెత్తిన పెట్టుకుంటనా?” అప్పటికే తవ్విన గోతి దాకా విసురుగా నడిచి, మేస్త్రీని పిలిచాడు. “ఈ చెట్టును తప్పిచ్చి లైను పోతదా?”

మేస్త్రీ గోతిలోకి చూసి, చెట్టును చూసి, తల గోక్కున్నాడు. “పోతది సార్. ఒక బెండ్ ఏసి, ఒక చాంబర్ ఎక్కువ కట్టాలె.”

“మరి ముందుగాల ఎందుకు చెప్పలే?”

“తీసెయ్యొచ్చని కాయితమొచ్చింది గద సార్. కాయితమున్నంక బెండ్ ఎందుకని.”

వినయ్ హెల్మెట్ పెట్టుకుని, సున్నం డబ్బా తెప్పించి, చెట్టుకు దూరంగా నేల మీద కొత్త గీత గీయించాడు. తాడు విప్పారు. కిష్టమ్మ లేచి, గెలలను ఒక్కొక్కటే మళ్లీ చెట్టు మొదట్లోకి ఈడ్చింది. రంపం తెచ్చిన వాళ్లకే తొలి ముంజలు కొట్టిచ్చింది.

ఉదయలక్ష్మి ఫోన్ చేసి చెప్పింది. అవతల ప్రసన్నకుమార్ గొంతు, పెరగకుండా, తగ్గకుండా: “వచ్చే నెల నీ గురించి నన్నూ గ్యారంటీ అడుగుతారమ్మా. నేనూ తెలియదనే అంటాను.” ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఫోన్‌ను చూస్తూ నిలబడి ఉంటే మహిపాల్ దగ్గరికొచ్చాడు. “మొత్తానికి మన ర్యాంకెంత మేడం?”

“ర్యాంకుల్లేవు. పరీక్షే రద్దు.”

“పేపర్ లీకయిందా?” అన్నాడు అలవాటుగా. తర్వాత చెట్టును చూసి, గొంతు తగ్గించాడు. “ఇగ కడగం. కానీ మేడం, ఆ దుమ్మును చూసుకుంట చేతులు కట్టుకుని కూసునుడు జర కష్టమే.”

సోమవారం ఉదయలక్ష్మి మళ్లీ మొదలుపెట్టింది, ఎల్బీనగర్‌లో తొలి ర్యాంకు కొట్టిన వేపచెట్టు నుంచి. ఎప్పటిలాగే పొద్దున్నే వెళ్లింది. ఎప్పటిలాగే చెట్టు కింద ఎవరూ లేరు. వెనక రాళ్ల దుకాణం షట్టరు దించి ఉంది. మామూలుగానైతే ఆకులు కోసుకుని ఈపాటికి ల్యాబుకు బయల్దేరేది. ఈసారి మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. దోటిని చెట్టుకు ఆనించింది. బస్సులు పోయాయి, ఆటోలు పోయాయి, ఆమె మీద నీడ సగం జరిగింది. తలెత్తి చూస్తే ఆకులు గోధుమపిండి జల్లినట్టు ఉన్నాయి. మిగతా చెట్లకు లేనిదీ దీనికి ఉన్నదీ ఏమిటో? రోడ్డు ఒకటే, బస్సులూ అవే.

ఎండ ముదిరాక షట్టరు లేచింది. తిరుపతి అనే మనిషి, ఇంకొకడి సాయంతో ఒక గ్రానైట్ పలకను మోసుకొచ్చి వేపచెట్టు కింద రెండు కట్టె దిమ్మల మీద పడుకోబెట్టాడు. పెన్సిలుతో గీత గీశాడు. ఆమెను చూసి, “జర అటు జరుగున్రి మేడం,” అని ముక్కుకు దస్తీ కట్టుకుని మిషన్ ఆన్ చేశాడు. పలక కీచుమంది. బూడిదరంగు మబ్బొకటి లేచి, తిన్నగా పైకి, కొమ్మల్లోకి వెళ్లిపోయింది.

ఉదయలక్ష్మి కుర్చీలోంచి లేచింది. మిషన్ ఆగే దాకా ఆగి, మొహం మీది పొడి తుడుచుకోకుండానే అడిగింది.

“అన్నా, మీరు రోజూ ఇక్కడే కోస్తారా?”

తిరుపతి దస్తీ కిందికి లాగి, ఇంత చదువుకున్న మనిషి ఇదేం అడుగుడు అన్నట్టు చూశాడు.

“ఇంకెక్కడ కోయాలె మేడం? లోపల కోస్తే దుకాణమంత దుమ్మైతది గద!”